అంచుల దాకా గౌలిపుర

“గిదేం కెమెరా బిడ్డా? ఎనుక తెర లేదు!”

పాతబస్తీ బోనాల ఆదివారం, పొద్దున తొమ్మిది దాటింది. గౌలిపురలో ఒక గల్లీ. అరుగు మీద కొత్త కుండ, దానికి సున్నపు బొట్లు, పసుపు, కుంకుమ, మెడ చుట్టూ వేపమండలు. పైన పెట్టిన గురిగిలో మనవరాలు నూనె పోసి వత్తి సరిచేస్తోంది. పట్టుచీర కొంగు నడుముకు చెక్కుకుని నిలబడ్డ పెద్దావిడ నా చేతిలోని నల్లటి పెట్టెను కిందికీ మీదికీ చూసి అడిగిన మాట అది.

“రీలు కెమెరా పెద్దమ్మా. కడిగిస్తేగానీ బొమ్మ కనబడదు” అన్నాను.

“గట్లనా?” అని ఈసారి ఆమె నా వెనక గోడను చూసింది. “మరి గింత సందుల నువ్వు ఎనుకకు యాడికి పోతవ్? మేమందరం వస్తమా అండ్ల?”

అందరూ అంటే ఆమె, ఇద్దరు కోడళ్లు, మనవరాలు, పక్కింటి నుంచి తన బోనంతో వచ్చిన వియ్యపురాలు, డప్పులు మెడకేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు. గోడ పొడుగునా ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. నా వీపు అప్పటికే ఎదురింటి గోడకు ఆనింది. వాళ్లకూ నాకూ మధ్య మూడు మీటర్లు ఉంటుందేమో. ఇంకో అడుగు వెనక్కి వేయాలంటే ఎవరిదో వంటింట్లోకి వెళ్లాలి.

ఫోటోలు తీసేవాళ్లను ఎవరైనా అడగగలిగిన ప్రశ్నల్లో ఇంతకన్నా సూటైనది నాకు తెలియదు. చార్మినార్‌ను తీయాలంటే వెనక్కి వెళ్లొచ్చు. గౌలిపురను తీయాలంటే వెనక్కి వెళ్లడానికి చోటు ఉండదు. అందుకే ఆ రోజు ఒక మిత్రుణ్ని బతిమాలి ఈ కెమెరాను, దాని 30 ఎం.ఎం. లెన్స్‌ను అరువు తెచ్చుకున్నాను.

వెడల్పు కాదు, ఎత్తు

కెమెరా పేరు ఎక్స్‌పాన్. స్వీడన్‌లోని హాసెల్‌బ్లాడ్, జపాన్‌లోని ఫ్యూజీ కలిసి 1998లో తెచ్చాయి. జపాన్‌లో ఇదే కెమెరా టీఎక్స్-1 పేరుతో అమ్ముడైంది. 2003లో రెండో రకం వచ్చింది, 2006లో తయారీ ఆగిపోయింది. ఇందులో వేసేది ఒకప్పుడు పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు మనమందరం కొన్న మామూలు 35 ఎం.ఎం. రీలే. తేడా ఫ్రేములో ఉంది. మామూలు కెమెరా అదే రీలు మీద 24 ఎం.ఎం. ఎత్తు, 36 ఎం.ఎం. వెడల్పున్న బొమ్మ తీస్తుంది. ఎక్స్‌పాన్ ఎత్తును అలాగే ఉంచి వెడల్పును 65కు సాగదీస్తుంది. ముప్పై ఆరు ఫోటోల రీలులో ఇరవై ఒక్కటే వస్తాయి.

సినిమా భాషలో చెబితే ఇది స్కోప్ కన్నా పొడుగు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరాలో కొండలూ అడవీ జనమూ ఒకే తెర మీద పరుచుకోవడం చూసి మన ప్రేక్షకులు అబ్బురపడ్డారు. ఆ తెర ఎత్తు ఒకటి అనుకుంటే వెడల్పు 2.35. ఎక్స్‌పాన్‌లో అది 2.7.

ఇంత వెడల్పు చేతిలో ఉండగా దానికి మళ్లీ అల్ట్రా వైడ్ లెన్స్ ఎందుకు? నేనూ మొదట ఇదే అడిగాను. కెమెరాతో పాటు వచ్చే మామూలు లెన్స్ 45 ఎం.ఎం., అదే డెబ్బై డిగ్రీలకు పైగా చూస్తుంది. ఒక మైదానానికో చెరువుకో అది బ్రహ్మాండంగా సరిపోతుంది. దాని లోటు గల్లీలో తెలుస్తుంది.

లెక్క చిన్నదే. ఎదుటి మనుషులు ఉన్న దూరాన్ని 65తో హెచ్చించి లెన్స్ అంకెతో భాగిస్తే ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. 24తో హెచ్చించి భాగిస్తే ఎత్తు. మూడు మీటర్ల గల్లీలో 45 ఎం.ఎం. లెన్స్‌కు 4.3 మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల ఎత్తు పడుతుంది. అయిదుగురు పక్కపక్కన పడతారు గానీ వాళ్ల నెత్తిన బోనం పడదు. బోనం లేని బోనాల ఫోటో ఎవరికి కావాలి? అదే చోట 30 ఎం.ఎం. లెన్స్ పెడితే వెడల్పు ఆరున్నర మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు. మనిషి, నెత్తిన కుండ, కుండ మీద గురిగి, గురిగిలో దీపం. నేల నుంచి దీపం కొస దాకా రెండు మీటర్లు దాటుతుంది. ఒక మోకాలు నేలకు ఆనించి కెమెరాను నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో సీదాగా పట్టుకుంటే కాలి పట్టీల నుంచి దీపం దాకా అంతా ఇముడుతుంది.

పనోరమా అనగానే వెడల్పు గుర్తొస్తుంది. కానీ పనోరమా ఫ్రేములో వెడల్పు ఎప్పుడూ ఉంటుంది, కరువయ్యేది ఎత్తు. అల్ట్రా వైడ్ లెన్స్ ఇక్కడికి వచ్చింది ఆ ఎత్తు కోసం. ఈ సంగతి అర్థమయ్యాకే నాకు కెమెరా కొంచెం లొంగింది.

“సీదాగా” అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ లెన్స్ చూసినంత విశాలంగా కెమెరాలోని సొంత వ్యూఫైండర్ చూడలేదు. అందుకని పైన విడిగా ఒక వ్యూఫైండర్ బిగించుకోవాలి. అందులో ఒక రసమట్టం ఉంటుంది, మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు పెట్టే లాంటిదే, కాకపోతే బఠాణీ గింజంత. ఆ బుడగ నడిమధ్యలో ఉన్నంతసేపూ గోడలు గోడల్లా నిలబడతాయి. కెమెరా ముక్కు వేలెడు పైకి లేస్తే రెండు పక్కల ఇళ్లు లోపలికి వాలిపోతాయి. వందేళ్ల డంగుసున్నపు గోడ అలా వాలినట్టు కనిపిస్తే చూసేవాళ్లకు భయమేస్తుంది. ఆ ఇంటివాళ్లకైతే బాధ కూడా.

ఈ నియమం వల్లే ఈ కెమెరాకు కట్టడాలంటే పెద్దగా పడదు. సీదాగా పట్టుకుంటే మన కంటి మట్టానికి పైన, దూరంలో పదింట నాలుగు వంతుల ఎత్తే కనిపిస్తుంది. అంటే ఒక మినార్ కొస దాకా రావాలంటే దాని ఎత్తుకు దాదాపు రెండున్నర రెట్లు దూరం జరగాలి. అంత దూరం జరిగాక ఆ మినార్ ఫ్రేము మధ్యలో పుల్లలా మిగులుతుంది, ముందు ఖాళీ రోడ్డు మిగులుతుంది. హైదరాబాద్ అనగానే మధ్యలో చార్మినార్, చుట్టూ కొంచెం బజారు. వందేళ్లకు పైగా మనకు అలవాటైన బొమ్మ అది. ఈ ఫ్రేము ఆ బొమ్మను ఒప్పుకోదు. నడుమ ఒకటి నిలబెట్టి మిగతావన్నీ దానికి అలంకారంగా పెట్టడం దీనికి చేతకాదు. పక్కపక్కన ఉన్నవాటిని పక్కపక్కనే చూపుతుంది.

నడుమ వెలుగు తగ్గించే గాజు

ఇంత విశాలంగా చూసే లెన్స్‌కు పుట్టుకతో ఒక లోపం ఉంది. వెలుతురు నడిమధ్యకు నిటారుగా వచ్చి పడుతుంది, అంచులకు ఏటవాలుగా, ఎక్కువ దూరం ప్రయాణించి పడుతుంది. సిద్ధాంతం ప్రకారం లెక్కేస్తే 30 ఎం.ఎం. లెన్స్‌తో 65 ఎం.ఎం. ఫ్రేము కొసకు చేరే వెలుతురు, మధ్యలో పడేదానిలో అయిదో వంతు. మధ్యలో నిలబడ్డ మనిషి పట్టపగల్లో ఉంటే కొసన ఉన్నవాళ్లు మాపటేళ నీడలో ఉన్నట్టు పడతారు.

దీనికి మందు సెంటర్ ఫిల్టర్. లెన్స్ ముందు బిగించే గుండ్రటి గాజు. నడుమ బూడిద రంగులో ఉండి, అంచులకు పోతున్నకొద్దీ తేటపడుతూ చివరికి మామూలు అద్దమైపోతుంది. అంచులకు వెలుతురు తెచ్చి పోసే మార్గం ఏదీ లేదు, అందుకని మధ్యలో ఉన్నదాన్ని తగ్గించి అందరినీ సమం చేస్తుంది. ఇందుకు చెల్లించాల్సిన మూల్యం ఒకటిన్నర స్టాపు, అంటే మధ్యలో పడాల్సిన వెలుతురులో దాదాపు మూడింట రెండు వంతులు. అసలే ఎఫ్ 5.6 దగ్గర మొదలయ్యే లెన్స్ ఇది. ఆషాఢపు మబ్బు, రెండు వైపులా రెండంతస్తుల ఇళ్లు, దాని మీద ఈ ఫిల్టర్. 400 ఐ.ఎస్.ఓ. రీలు వేసుకుని ఎఫ్ 8 పెడితే షట్టర్ సెకనులో ముప్పయ్యో వంతుకు దిగిపోయింది. ఆ వేగంలో మనుషులు నిలుస్తారు, డప్పు పుల్లలు నిలవవు. ఫోటోలో ఆ కుర్రాళ్ల చేతుల దగ్గర తెల్లటి పొగలాంటి గీతలు పడ్డాయి. చూసినప్పుడల్లా నాకు ఆ దెబ్బ వినిపిస్తుంది.

వెలుతురును సరిచేయొచ్చు గానీ ఆకారాన్ని సరిచేసే గాజు లేదు. సరళరేఖను సరళరేఖగానే చూపే లెన్స్ ఇది. గోడ అంచు, కరెంటు తీగ, మెట్టు అన్నీ గీత గీసినట్టు వస్తాయి. ఆ నిజాయితీకి బదులుగా కొసల్లో గుండ్రటివి పక్కకు సాగుతాయి. మధ్యలో గుండ్రంగా ఉన్న కుండ చివరకు పోయేసరికి ఎత్తు మీద ఒకటిన్నర రెట్లకు దగ్గరగా వెడల్పై, పడుకోబెట్టిన గుడ్డులా అవుతుంది. ముఖాలు కూడా అంతే. అందుకని అనుభవం ఉన్నవాళ్లు కొసల్లో తలుపో గోడో పెట్టుకుని మనుషులను లోపలికి జరుపుతారు. నేనూ అలాగే చేద్దామనుకున్నాను. ఆ గల్లీలో నా చేతిలో ఉన్నది ఏముంది? ఎవరు ఎక్కడ నిలబడాలో వాళ్ల వరసలు, వాళ్ల పెద్దరికాలు చూసుకుని వాళ్లే తేల్చుకున్నారు.

ఇంకో జాతి పనోరమా కెమెరాలు ఉన్నాయి. వాటిలో లెన్స్ ఒక డ్రమ్ములో కూర్చుని గిర్రున తిరుగుతూ, సన్నని చీలిక గుండా, వంపుగా పరిచిన ఫిల్ము మీద బొమ్మను తుడుచుకుంటూ పోతుంది. జపాన్ వైడ్‌లక్స్, జర్మన్ నోబ్లెక్స్, రష్యన్ హొరైజన్ ఈ కోవవి. హొరైజన్ 28 ఎం.ఎం. లెన్స్‌తోనే 120 డిగ్రీలు చూస్తుంది. కుండ ఏ మూలనున్నా గుండ్రంగానే ఉంటుంది, అంచులకు వెలుతురు కరువు లేదు, ఫిల్టర్ అక్కరలేదు. మరి అదే ఎందుకు తేలేదు? రెండు కారణాలు. అది సీదాగా ఉన్న గోడను విల్లులా వంచుతుంది. పైగా లెన్స్ తిరిగే లోపు ఎదుట ఊరేగింపు నడుస్తుంటుంది. లెన్స్‌తో పాటు ఒకే దిక్కున నడిచేవాళ్లు లావుగా సాగుతారు, ఎదురు వచ్చేవాళ్లు సన్నబడతారు. గౌలిపురలో గోడలు ముఖ్యం, నడక ముఖ్యం. రెండూ చెడిపోతే ఇక నేను తీసేదేమిటి?

ఒక నీటి గోళం, ఒక రెక్కల చక్రం

ఈ తగువు నా కాలందేమీ కాదు, ఫోటోగ్రఫీ అంత పాతది. 1845 నాటికే పారిస్‌లో ఫ్రెడరిక్ ఫాన్ మార్టెన్స్ చేత్తో తిప్పే లెన్స్‌తో, వంచిన రాగిరేకు మీద 150 డిగ్రీల నగర దృశ్యాలు తీశాడు. తిప్పకుండా, ఒకే చూపులో అంత విశాలాన్ని పట్టాలని పట్టుబట్టినవాడు ఆంగ్లేయుడు థామస్ సటన్. 1859లో ఆయన చేయించిన లెన్స్ లోపల బోలుగా ఉన్న గాజు గోళం, దాని నిండా నీళ్లు. 120 డిగ్రీలు చూసేది. దానికోసం గాజు పలకలను కూడా వంపుగా చేయించుకోవాల్సి వచ్చింది. తడి రసాయనం పూసిన వంపు గాజును చీకట్లో పట్టుకుని పరిగెత్తిన ఆ మనుషుల ఓపికను తలచుకుంటే నా ఇరవై ఒక్క ఫ్రేముల పిసినారితనం ఏపాటిది!

1900లో జర్మనీలోని గెర్జ్ కంపెనీ హైపర్‌గాన్ అనే లెన్స్ తెచ్చింది. 130 డిగ్రీలకు పైగా చూసేది, ఒక్క గీతను కూడా వంచేది కాదు. కానీ నడుమ వెలుగు, కొసల్లో చీకటి. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడండి. లెన్స్ ముందు నక్షత్రం ఆకారంలో చిన్న రెక్కల చక్రం. రబ్బరు బుడ్డి నొక్కితే గాలికి అది గిరగిరా తిరుగుతుంది. రెక్కలు మొదట్లో వెడల్పు, కొసన సన్నం కాబట్టి తిరిగేటప్పుడు నడుమ ఎక్కువ నీడ, అంచుల్లో తక్కువ నీడ. కాసేపు తిప్పి, చక్రాన్ని పక్కకు తప్పించి, మిగతా బొమ్మ పూర్తిచేసేవారు. నా ఫిల్టర్‌లోని బూడిద రంగు చేసే పని అదే.

మన దేశంలో 1858లో ఫెలీస్ బియాటో ఢిల్లీ, లక్నో నగరాలను పలక పక్కన పలక పేర్చి పనోరమాలుగా తీశాడు. అతికించిన పనోరమాలో రెండు పలకల నడుమ కాలం గడుస్తుంది. నడిచే మనిషి ఒక పలకలో ఉండి రెండో పలకలో మాయమవుతాడు. ఎత్తయిన చోటు నుంచి కప్పులూ గుమ్మటాలూ చూపడానికి ఆ పద్ధతి పనికొచ్చింది, పండగ పూట గల్లీకి పనికిరాదు. ఇప్పటి ఫోన్ పనోరమా కూడా చేసేది ఆ అతుకు పనే. బోనాల నాడు అందులో సగం చెయ్యి, రెండు తలలు పడటం మీలో చాలామంది చూసే ఉంటారు. ఫ్యూజీ జీఎఫ్‌ఎక్స్ డిజిటల్ కెమెరాల్లో 65:24 అనే కొలతే ఒక ఐచ్ఛికంగా పెట్టారు, ఎక్స్‌పాన్‌కు నమస్కారంగా. అది అతుకు కాదు, ఒక్క చూపే. నాకు రీలు కావాల్సి వచ్చింది వేరే కారణానికి, అది తర్వాత చెబుతాను.

హైదరాబాద్‌లో నిలబడి పాత కెమెరాల మాట ఎత్తాక రాజా దీన్‌దయాళ్ పేరు రాకుండా ఉండదు. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫరై, ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఇక్కడ జనానా స్టూడియో తెరిచారు. ఆయన తీసిన కట్టడాల్లో నిలువు గీత నిలువుగా, అడ్డగీత అడ్డంగా ఉంటుంది. నక్షాలు గీసిన చెయ్యి అది. దర్బారులు, పరేడ్‌లు, వేట శిబిరాలు, దేవిడీలు ఆయన పలకల మీద మిగిలాయి. గౌలిపురలాంటి పాలు పితికే పేటలు ఆ పలకలను ఏలినవారి దారిలో లేవు.

అయితే పొడుగాటి చట్రంలో జనాన్ని వరసగా నిలబెట్టడం తెలుగు నేలకు కెమెరాతో రాలేదు. అమరావతి స్తూపం ప్రాకారం పైదూలాలను గుర్తు చేసుకోండి. చెన్నైలోనో లండన్‌లోనో చూసి ఉంటారు. మోకు లావున్న ఒకే పూలదండ అలలా లేస్తూ పడుతూ సాగుతుంటుంది, దాన్ని భుజాల మీద మోస్తూ మనుషులు. రాజు ఎవరు, మధ్య ఎక్కడ అని వెతికే పని లేదు. దండ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది, చూపు కూడా అలాగే. ఫ్రేము ఎలా నింపాలో తోచనప్పుడు నాకు ఆ పైదూలమే దారి చూపింది.

దర్వాజ పోయింది, పేరు ఉంది

గౌలిపుర నగరానికి అంచున పుట్టింది. ఆ పేరులోనే పాడి పశువుల గౌళీలు ఉన్నారు. మొఘల్ సుబేదార్ ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టి, మొదటి ఆసఫ్ జా 1740లో పూర్తిచేయించిన నగరపు రాతి గోడకు ఉన్న దర్వాజల్లో గౌలిపుర దర్వాజ ఒకటి. లాల్‌దర్వాజ, అలియాబాద్, యాకుత్‌పుర, దూద్‌బౌలి, అన్నీ ఆ వరసవే. ఆ దర్వాజల్లో ఇవాళ నిలిచి ఉన్నవి పురానాపూల్ దగ్గరిది, దబీర్‌పురది. మిగతావి బస్సు బోర్డుల మీద, మనుషుల నోళ్లలో మిగిలాయి. చార్మినార్ నుంచి ఇక్కడికి నడిచి రావచ్చు. పర్యాటకులు రారు. వాళ్ల ఫోటో శాలిబండ ఎక్కకముందే అయిపోతుంది.

ఏడాదిలో రెండు రోజులు మాత్రం నగరమే ఇటు తిరుగుతుంది. ఆషాఢంలో గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్ మీదుగా చివరికి పాతబస్తీకి వస్తాయి. లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారికి నిజాం మొక్కిన కథ ఇక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు మహబూబ్ అలీ పాషా అమ్మవారిని శాంతింపజేశాడని వాళ్ల మాట. ఆదివారం బోనాలు, సోమవారం భవిష్యవాణి చెప్పే రంగం, ఆ తర్వాత ఘటాల ఊరేగింపు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కుతుంది. గౌలిపుర, ఉప్పుగూడ, సుల్తాన్‌షాహి, చుట్టుపక్కల పేటల ఘటాలు ఒకదాని వెనక ఒకటి చార్మినార్ ముందు నుంచి నయాపూల్ వైపు సాగుతాయి.

ఏనుగు, దాని మీద ఘటం, పైన గొడుగు. నేల నుంచి కొస దాకా నాలుగు మీటర్లు అనుకున్నాను. నిలబడి సీదాగా తీస్తే కనీసం ఆరు మీటర్లకు పైన దూరం కావాలి. శాలిబండ రోడ్డు మీద ఒక మూసిన షట్టరు మెట్టు మీద చోటు పట్టి రెండు గంటలు నిలబడ్డాను. ఏనుగు ఎదురుగా వచ్చిన క్షణంలో ఒక పోతరాజు నా మీదికే ఉరికాడు. ఒళ్లంతా పసుపు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. వ్యూఫైండర్‌లో అతను ఎడమ కొసన ఉన్నాడు, నాకు చేయి చాపితే అందేంత దూరంలో. నొక్కేశాను. కొసల్లో సాగుతుందని ఇందాక చెప్పిన లోపం అక్కడ వరమైంది. చాపిన చెయ్యి, దాని చివర కొరడా ఫ్రేములో మూడో వంతు దాకా సాగి, వెనక నడుస్తున్న ఏనుగు దాకా గీత గీసినట్టు పడ్డాయి. అది నా నైపుణ్యం కాదు. అతని ఊపు, గాజు స్వభావం కలిసి చేసిన పని.

రీలు ఎందుకు కావాల్సి వచ్చిందో చెబుతానన్నాను. తెర ఉంటే నేను తెరను చూస్తాను. ఈ కెమెరాలో అది లేదు కనుక గల్లీని చూశాను. ఇరవై ఒక్కటే ఉన్నాయి కనుక తొందరపడలేదు. రీలు వేయగానే ఈ కెమెరా మొత్తం ఫిల్మును ముందే బయటికి లాగేసుకుంటుంది, ఆ తర్వాత తీసిన ఒక్కో ఫ్రేమునూ డబ్బీలోకి వెనక్కి చుడుతుంది. అంకె ఇరవై ఒకటి నుంచి దిగుతూ వస్తుంది. పొరపాటున వెనక తలుపు తెరుచుకున్నా తీసినవి డబ్బీలో భద్రం. ఎన్ని తీశావని కాకుండా ఎన్ని మిగిలాయని చూపించే ఆ అంకె నన్ను రెండు రోజులూ ఒళ్లు దగ్గర పెట్టుకునేలా చేసింది.

నాలుగో ఫ్రేము

రీలు కడగడానికి ఒక ల్యాబ్‌కు ఇచ్చాను. కవరు మీద పెద్ద అక్షరాలతో “కత్తిరించవద్దు” అని రాశాను. ఆ కవరు ఒకరి చేతిలో, రీలు ఇంకొకరి చేతిలో పడ్డాయి. ల్యాబ్‌లో అలవాటు ప్రకారం ఆరు ఫ్రేములకు ఒక ముక్క కోస్తారు. మామూలు ఫ్రేములు ఆరు అంటే 228 ఎం.ఎం. పొడవు. ఆ కొలతలో పనోరమా ఫ్రేములు మూడు పూర్తిగా పట్టి, నాలుగో దాని సగానికి కాస్త ముందు కత్తెర పడుతుంది. సరిగ్గా అలాగే పడింది. ఒక్క కోతకే ఎవరో గుర్తుపట్టి ఆపారు.

నాలుగో ఫ్రేములో ఒక శివసత్తు ఉంది. జుట్టు విరబోసుకుని, చేతిలో వేపమండతో, గల్లీ మలుపులో తిరుగుతోంది. వెనక మెట్ల నిండా పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. కోత ఆమె మణికట్టు దగ్గర పడింది. చేతిలోని వేపమండ ఒక ముక్కలో, ఆమె ఇంకో ముక్కలో. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి స్కాన్ చేశాను, ఆ గీత మాత్రం పోలేదు. దుమ్ము మచ్చలు తుడిచినంత తేలిగ్గా దాన్ని తుడిచేయొచ్చని స్నేహితులు చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఆ కోత కూడా ఆ నెగెటివ్‌కు జరిగినదే కదా. ఇప్పటికీ దాన్ని చూస్తే కడుపులో కలుక్కుమంటుంది.

మీరు ఎవరైనా ఈ దారిలోకి వస్తే నా మాట వినండి. కవరు మీద కాదు, రీలు డబ్బీ మీదే రాయండి. వీలైతే దగ్గర నిలబడి, కడిగిన రీలును కోయకుండా చుట్ట చుట్టించి తెచ్చుకోండి. ప్రింటు కూడా చీకటి గదిలో మామూలు 35 ఎం.ఎం. ఎన్‌లార్జర్ మీద రాదు, ఫ్రేము అందులో పట్టదు. మీడియం ఫార్మాట్ నెగెటివ్‌లకు వాడే పెద్ద ఎన్‌లార్జర్ కావాలి.

మూడు వారాల తర్వాత ప్రింటు పట్టుకుని గౌలిపుర వెళ్లాను. ఎనిమిది అంగుళాల ఎత్తు, ఇరవై రెండుకు కొంచెం తక్కువ వెడల్పు. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని దాన్ని ఒళ్లో పరుచుకుంది. మొత్తం ఒకేసారి చూడలేదు. ఎడమ కొస నుంచి వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయింది. చిన్నకోడలు. పెద్దకోడలు. “గీ పిల్ల పండ్లు ఇకిలిచ్చింది సూడు.” తన దగ్గరికి వచ్చేసరికి ఆగలేదు. వియ్యపురాలు. డప్పులు. వేలు కుడి కొస దాకా పోయి ఆగింది.

అక్కడ ఒక కిటికీ ఉంది, ఊచల వెనక ఒక ముఖం. నేను ఆ రోజు వ్యూఫైండర్‌లో దాన్ని చూడనే లేదు.

“మా బావ” అంది. ఏడాదిగా మంచంలో ఉన్నాడట. ఆ పూట డప్పు చప్పుడుకు ఎవరి సాయమూ లేకుండా లేచి కిటికీ దగ్గరికి వచ్చాడని ఇంట్లో ఎవరికీ తెలియదు. చాలాసేపు ఆ మూలనే చూసింది. “ఎండిపోయిండు మనిషి. గీండ్ల సూడు, మొకం ఎట్ల నిండుగ ఉన్నదో. ఎనుకటి లెక్కనే.”

కొసల్లో ముఖాలు సాగుతాయని, అది లెన్స్ గుణమని నేను చెప్పలేదు.

ఫోటో ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి చర్చ. బజారులో దొరికే ఏ ఫ్రేముకూ ఇది సరిపోదు, గోడ మీద దేవుళ్ల పటాల నడుమ ఇంత పొడుగు ఖాళీ లేదు. చివరికి పెద్దకోడలే కనిపెట్టింది. లోపలి వైపు ద్వారబంధం పైన, ఆ చివర నుంచి ఈ చివర దాకా సరిగ్గా పట్టింది.

బయల్దేరుతుంటే పెద్దమ్మ గడప దాకా వచ్చింది. నేను ఆ రోజు వీపు ఆనించిన ఎదురింటి గోడను చూపించింది. ఆ ఇంటావిడ మెట్టు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది, చెవి మాత్రం మా మాటల మీదే ఉంది.

“వచ్చే బోనాలకు జెర పొద్దుగాల్నే రా బిడ్డా. ఈసారి గా గోడకు గాదు, మా గోడకు నిలవడు. వాళ్లు గుడ రావాలె.”